ఫిల్టర్ ‘ఊకె’ జామైన ఆషాఢం

చిప్పుల ఫ్యాక్టరీల మీద ఇప్పుడు అందరికీ మోజు. ఏ.ఎస్. రావు నగర్‌లో మా అపార్టుమెంటులోనే ఇద్దరు ముగ్గురు పిల్లలు కొత్త ఫ్యాక్టరీల్లో చేరబోతున్నారు. లిఫ్టులో కనబడితే చాలు, "ఆంటీ, మీరు ఆ లైన్లోనే చేశారట కదా, మేం ఏం చదువుకోవాలి?" అని పట్టుకుంటారు. చదవాల్సింది మీ కాలేజీ వాళ్ళు చెప్పే ఉంటారు. వాళ్ళు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్లూ, చివరి రోజు కప్పిన శాలువా మీకు అనవసరం. శాలువా ఇప్పుడు మా వాషింగ్ మెషీన్ మీద కప్పి ఉంది.

పని ఏమిటంటే

సిలికాన్ బిళ్ళని వేఫర్ అంటాం. అరచేతిలో పట్టే అప్పడం అనుకోండి. దాని నిండా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడీ ఒక్కో చిప్పు. వారాల తరబడి దాన్ని కాలుస్తాం, కడుగుతాం, మందు పూస్తాం, వెలుతురు చూపిస్తాం, మళ్ళీ కడుగుతాం. అన్నిటికంటే ఎక్కువ చేసే పని కడగడమే. చివర్లో సన్నటి సూదులు ఆనించి ఒక్కో గడినీ పరీక్షిస్తే కొన్ని పలుకుతాయి, కొన్ని చచ్చి ఉంటాయి. మొత్తంలో బతికినవాటి వంతే దిగుబడి. రైతు వాడే మాటే మేమూ వాడతాం, రైతుకున్న దిగులే మాకూ ఉంటుంది.

చచ్చినవి ఎందుకు చచ్చాయో కనిపెట్టి, మళ్ళీ చావకుండా చూడటం నా ఉద్యోగం. ఇందులో నేను గట్టిదాన్నే. వినయం కోసం కాదనను.

నా పేరు ఎస్తేరు. నాన్న బాపట్ల వైపు నుంచి మిషన్ బడిలో టీచరుగా సికింద్రాబాద్ వచ్చారు. నేను పుట్టిందీ, పెరిగిందీ, చర్చిలో పాటలు పాడిందీ, పెళ్ళాడిందీ అంతా ఈ లష్కర్‌లోనే. సికింద్రాబాద్‌ని ఇక్కడివాళ్ళు అలాగే అంటారు. ఇంట్లో కోస్తా తెలుగు, గడప దాటితే ఇక్కడి తెలుగు. రెండూ నావే. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది కనుక ముందే చెప్పి పెడుతున్నాను.

జల్లెడ కన్నాలు

నా మొదటి బాస్ పేరు రాయను. మనిషి మంచివాడే, పండక్కి అందరికీ స్వీట్లు పంచేవాడు. దిగుబడి పడిపోతే మాత్రం ఆయనకి ఒకే ఒక్క మందు తెలుసు. పరీక్షలో పాస్ మార్కు తగ్గించేవాడు. నిన్న ఫెయిలైన చిప్పు ఇవాళ పాసయ్యేది. చార్టులో గీత జామ్మని పైకి లేచేది, పైవాళ్ళు ఆయన భుజం తట్టేవాళ్ళు.

"సార్, చిప్పులు బతకలేదు. చచ్చినవాటికి హాజరు వేశాం, అంతే" అన్నాను ఒకసారి. నవ్వాడు. కొన్నాళ్ళకి ఆ చిప్పులు కొన్నవాళ్ళు పెట్టెలకి పెట్టెలు వెనక్కి పంపారు. అప్పుడు నవ్వలేదు.

దిగుబడి పెంచడానికి మీకు కూడా ఈ దారి చూపించేవాళ్ళు దొరుకుతారు. జల్లెడ కన్నాలు పెద్దవి చేస్తే రాళ్ళు కూడా బియ్యమే అవుతాయి. తినేవాడి పన్ను విరిగినప్పుడు జల్లెడ ఎవరు పట్టారని అడుగుతారు. ఆ రోజుకి బాస్ బదిలీ మీద వెళ్ళిపోయి ఉంటాడు, మీరు ఉంటారు.

కోనసీమ కోపం

అక్కడ మానేసి, నేరేడ్‌మెట్ దాటాక ఉన్న ఒక చిన్న చిప్పుల కంపెనీలో చేరాను. ఇప్పుడది లేదు, ఆ స్థలంలో అపార్టుమెంట్లు లేచాయి. అక్కడ మా పెద్ద వరప్రసాద్ గారు. కోనసీమ మనిషి. ముక్కు మీద కోపం, నోట్లో సిగరెట్. అంకెల దగ్గర మాత్రం అబద్ధం ఆడరు, ఆడనివ్వరు. జల్లెడ బాస్ దగ్గర నుంచి వచ్చిన నాకు ఆయన కోపం కూడా హాయిగానే ఉండేది.

వేఫర్ల మీద పని చేసే చోటు శుభ్రగది, దుమ్ము రేణువు కూడా రాకూడని గది. అందులో ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో బాలమణి పేరు మొదట చెప్పాలి. మోండా మార్కెట్ వెనక గల్లీలో పుట్టిన మనిషి. వేఫర్ మీద నిన్న వేసిన సర్క్యూట్ బొమ్మకీ, ఇవాళ వేయబోయే బొమ్మకీ మైక్రోస్కోపులో చూస్తూ గురి కుదర్చడం ఆమె పని. వెంట్రుకని నిలువునా చీల్చి, ఆ చీలికని మళ్ళీ చీల్చినంత తేడా వచ్చినా వేఫర్ మొత్తం దండగ. బాలమణి పని చేసిన వేఫర్ దండగైన గుర్తు నాకు లేదు. పని చేస్తున్నంతసేపూ మాట్లాడేది కాదు. బయటికొచ్చాక ఆ బాకీ అంతా తీర్చేది.

పసుపు

ఆ ఏడు ఆషాఢంలో దిగుబడి జారడం మొదలైంది. ఒక్కసారిగా కాదు. ఒక లాటు, అంటే కలిపి నడిపే వేఫర్ల కట్ట, బాగుండటం, తర్వాతది దెబ్బతినడం, ఆ తర్వాతది ఇంకా అధ్వాన్నం. కడిగి ఆరబెట్టిన వేఫర్ల మీద సన్నటి చుక్కలు కనబడుతున్నాయి. చుక్క ఉన్న చోట చిప్పు చచ్చిపోతోంది.

లష్కర్ బోనాల మర్నాడు సోమవారం. శుభ్రగదిలోకి వెళ్ళేముందు బూట్లు తొడుక్కునే బెంచీ దగ్గర నిలబడి ఉన్నాం వరప్రసాద్ గారూ, నేనూ. బాలమణి బెంచీ మీద కూర్చుని చెప్పులు విడిచింది. మడమల దాకా పసుపు. ముందురోజు బోనం ఎత్తిన కాళ్ళు మరి. ఆమె వెనకే ఇంకో నలుగురైదుగురు, వాళ్ళ కాళ్ళూ అంతే.

ఆయన ఆ కాళ్ళ వైపే చూస్తూ ఉండిపోయారు.

"ఎస్తేరు గారూ, పోయిన ఆషాఢంలో కూడా దిగుబడి ఇలాగే పడింది కదండీ?"

"పడింది సార్."

"అదిగో మరి!"

అక్కణ్ణుంచి తిన్నగా బొమ్మలు వేసే గదిలోకి వెళ్ళి మైక్రోస్కోపు కింద వేఫర్ పెట్టారు. తల ఎత్తేసరికి ఆయన మొహంలో దొంగని పట్టుకున్న పోలీసు కళ.

"పసుపండీ! చుక్క చుక్కా పసుపు రంగే. కళ్ళారా చూశాను."

సాయంత్రానికి నిర్ణయం అయిపోయింది. పసుపు పెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళందరినీ శుభ్రగది నుంచి తీసి ప్యాకింగ్‌కి పంపేస్తారు. నెలాఖరు మీటింగులో ఖాయం చేస్తారు. అప్పటిదాకా ఎవరైనా వేరే కారణం చూపిస్తే వింటానన్నారు. "నాకు పసుపు మీద కోపం లేదండీ, మా ఇంట్లో గడపకి రోజూ రాస్తారు. నాకు దిగుబడి కావాలి, అంతే" అన్నారు నాతో.

ప్యాకింగ్‌కి వెళ్ళినవాళ్ళు మళ్ళీ లోపలికి రావడం మా దగ్గర ఎన్నడూ లేదు. మర్నాడు క్యాంటీన్‌లో బాలమణి నా ఎదురుగా కూర్చుంది. టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు.

"మేడమ్, పనిల తప్పు జేస్తె తిట్టుండ్రి, పడ్త. గలీజుదాన్నంటె మాత్రం పడ. రోజు తానం జేసి, తల దువ్వి, గోర్లు దీస్కొని వస్త. అమ్మోరికి బోనమెత్తిన కాళ్ళు గలీజెట్లయితయి, మీరే జెప్పుండ్రి."

"నేను చూస్తాను బాలమణీ."

"ఏం జూస్తరు? సార్ సూసిండంట గద, కండ్లతోని. గల్లీల ఏమని జెప్పాలె నేను? కాళ్ళు బాగలేవని లోపల్నుంచి తీసేసిన్రని జెప్పాలెనా?"

నాకు ఒళ్ళు మండింది. నేను బోనం ఎత్తే ఇంట్లో పుట్టలేదు. అయినా ఆ మాట నా కాళ్ళకే తగిలినట్టయింది.

పచ్చ గది

కోపంతో కారణం దొరకదు, కాబట్టి ముందు ఆ చుక్కల దగ్గరికే వెళ్ళాను.

ఈ పని కొత్తవాళ్ళ కోసం ఒక మాట. బొమ్మలు వేసే గదిలో మామూలు లైట్లు ఉండవు. వేఫర్ మీద పూసే మందు తెల్ల వెలుతురు తగిలితే పాడైపోతుంది, అందుకని అక్కడ అన్నీ పసుపు పచ్చ లైట్లే. మైక్రోస్కోపు దీపానికి కూడా పచ్చ అద్దం ఉంటుంది. ఆ గదిలో తెల్ల కాగితం పచ్చగా ఉంటుంది, మన పళ్ళు పచ్చగా ఉంటాయి, బాస్ చొక్కా పచ్చగా ఉంటుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారు కదా, అక్కడ అడుగు పెడితే అందరికీ పచ్చకామెర్లే. రోజూ ఆ గదిలో తిరిగే మనిషి, అనుమానం పట్టేసరికి ఆ సంగతే మరిచిపోయారు.

అదే వేఫర్‌ని పట్టుకొచ్చి, తెల్ల దీపం ఉన్న గదిలో పెట్టి ఆయన్ని పిలిచాను. చూశారు. చుక్కలు బూడిద కలిసిన తెలుపు. పసుపు ఛాయ కూడా లేదు.

కాసేపు గొణుక్కున్నారు. "అయితే మొహానికి రాసుకునే పౌడరండీ" అన్నారు.

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. కానీ బాస్‌తో వాదించి గెలిచినవాళ్ళు తక్కువ, మిషన్ చేత చెప్పించి గెలిచినవాళ్ళు ఎక్కువ. గాలిలో దుమ్ము రేణువులు లెక్కపెట్టే మిషన్ ఒకటి ఉండేది మాకు. బాలమణిని శుభ్రగది సూటూ బూటూ వేయించి దాని ముందు నడిపించాను. అంకె కదిలీ కదలనట్టు కదిలింది. "ఇప్పుడు మీరు రండి సార్" అన్నాను. అప్పుడే సిగరెట్ తాగి లోపలికి వచ్చారు. మిషన్ ముందు నిలబడి ఊపిరి వదలగానే అంకెలు గిరగిరా పరిగెత్తాయి. సిగరెట్ తాగినవాడి ఊపిరిలో చాలాసేపు పొగ రేణువులు వస్తూనే ఉంటాయి, ఇది మీరూ గుర్తుంచుకోండి.

మాస్కు వెనక బాలమణి నవ్విందో లేదో తెలియదు. భుజాలు మాత్రం ఊగాయి.

వరప్రసాద్ గారికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "సరేనండీ, పని వేళల్లో మానేస్తాను. కానీ నేను ఆషాఢంలో కొత్తగా సిగరెట్ మొదలుపెట్టలేదు కదా. ఏడాది పొడుగునా తాగుతూనే ఉన్నాను. దిగుబడి ఆషాఢంలోనే ఎందుకు పడుతోంది? ఆషాఢంలో కొత్తగా వచ్చేది ఏదో చెప్పండి, ఆర్డర్ ఆపేస్తాను" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. జవాబు వెతుకుతుండగానే నెలాఖరు దగ్గర పడుతోంది.

ఊరికే

నెలాఖరు మీటింగులో ముందుగా ఆయన తను వాకబు చేసినవన్నీ మాకు వరసగా చెప్పారు. యాసిడ్లు బాగున్నాయి, గ్యాసులు బాగున్నాయి, పొయ్యిల వేడి బాగుంది. "నీళ్ళ ప్లాంటు కూడా చూశానండీ. నీళ్ళ శుద్ధి కొలిచే మీటర్ అద్భుతంగా ఉంది. యాదగిరిని అడిగాను, ఫిల్టర్ ఊరికే జామ్ అవుతోందన్నాడు. అంటే ప్రత్యేకంగా కారణం ఏమీ లేదు. అదీ చూసేశాం" అని తర్వాతి విషయానికి వెళ్ళిపోయారు.

నేను వెళ్ళలేకపోయాను. ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

యాదగిరి మా నీళ్ళ ప్లాంటు ఆపరేటర్, అల్వాల్ మనిషి. అతని నోట ‘ఊరికే’ అనే మాట రాదు. వస్తే ‘ఊకె’ వస్తుంది. ఈ రెంటికీ తేడా నాకు మా అమ్మ నేర్పింది, తను తెలుసుకోకుండానే. నా చిన్నప్పుడు మోండా మార్కెట్‌లో అమ్మ ఒక కూరగాయలామెని వంకాయలు ఎంత, ఎంత అని అడుగుతోంది. ఆమె విసుక్కుని, "ఊకె అడుగుతవేందమ్మా!" అంది. అమ్మకి ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఊరికే ఎవరడిగారు? డబ్బులిచ్చే అడుగుతున్నాను! మేమేం బిచ్చగాళ్ళమా?" అని సంచీ విదిలించి వచ్చేసింది. అమ్మ ఊళ్ళో ఊరికే అంటే ఉత్తినే, ఉచితంగా. ఆ కూరగాయలామె అన్నది ‘మాటిమాటికీ అడుగుతావేంటి’ అని. ఇక్కడ ఊకె అంటే ఉత్తినే అనీ అవుతుంది, అస్తమానం అనీ అవుతుంది. ఏ ఊకె అన్నది సందర్భాన్ని బట్టి పట్టుకోవాలి. ఆ రోజు మా ఇంట్లో వంకాయ కూర లేదు.

మీటింగు మధ్యలోంచే లేచి నీళ్ళ ప్లాంటుకి వెళ్ళాను. యాదగిరి ఫిల్టర్ విప్పుతున్నాడు.

"యాదగిరీ, ఫిల్టర్ ఊకె జామ్ అయితుందన్నావట. ఏ ఊకె?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఊకె అంటె ఊకెనే మేడమ్! పొద్దుగాల మార్చిన, నాష్టా జేసొచ్చేసరికి మళ్ల జామ్. మళ్ల మార్చిన, మళ్ల జామ్. ఇప్పుడు మళ్ల ఇప్పుతున్న. పరేషాన్ అయితున్న. సార్‌కు జెప్పిన గద. సార్ ‘ఓహో, సరే’ అని పోయిండు."

"ఎప్పటి నుంచి?"

"వానలు షురూ అయినప్పటి సంది. పోయినేడు సుత గిట్లనే అయింది. నల్లా నీళ్ళు సూడుండ్రి, చాయ్ లెక్క వస్తున్నయ్."

అతని చేతిలోని ఫిల్టర్ లాగి చూశాను. లోపలంతా సన్నటి, జారుడు ఒండ్రు. నాకు అక్కడికక్కడే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆషాఢంలో బోనాలు వస్తాయి, నిజమే. ఆషాఢంలోనే తొలి వానలూ వస్తాయి. మా బాస్ కాళ్ళ వైపు చూశారు, ఆకాశం వైపు చూడలేదు.

గదిలోకి తిరిగి వచ్చి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "ఊరికే అన్నాడండీ. నా చెవులతో విన్నాను!"

"మీ ఊళ్ళో ఊరికే సార్. మా లష్కర్‌లో ఊకె. అస్తమానం జామ్ అవుతోందని చెప్పాడు. మీరు ఉత్తినే జామ్ అవుతోందని విన్నారు."

"మరి మీటర్ బాగుంది కదా?"

"మీటర్ కరిగిన ఉప్పుని పట్టుకుంటుంది సార్. కరగని మట్టిని పట్టుకోదు. ముతక మట్టి ఫిల్టర్‌లో ఆగి జామ్ చేస్తోంది. మరీ సన్నటిది అన్నీ దాటుకుని వేఫర్ మీదికి వస్తోంది. నీళ్ళు ఆరిపోతున్నాయి, చుక్క మిగులుతోంది."

వరప్రసాద్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీటర్లే అనుకున్నానండీ. చెవుల్ని కూడా సరిచూసుకోవాలన్నమాట" అన్నారు మెల్లగా.

పటిక

మాట చాలదు, రుజువు కావాలి. ఆయన అడగకపోయినా నేనే చూపించేదాన్ని.

తొలి వానలకి నల్లాలో మట్టినీళ్ళు వస్తే అమ్మ బిందెలో పటిక ముక్క తిప్పేది. మట్టి ముద్దకట్టి అడుక్కి దిగిపోయేది. పెద్ద పెద్ద నీళ్ళ శుద్ధి కేంద్రాల్లో చేసేదీ అదే. మోండా మార్కెట్ నుంచి పటిక తెప్పించి, డ్రమ్ములో నీళ్ళు పట్టి, యాదగిరీ నేనూ తిప్పాం. తేరిన నీళ్ళని మా దగ్గరున్న చిన్న శుద్ధి గొట్టం గుండా పంపి, నీళ్ళలో మిగిలిన పటిక ఉప్పు కూడా తీసేశాం.

ఒకే లాటుని రెండు సగాలు చేశాం. ఒక సగం ప్లాంటు నీళ్ళతో కడగాలి, రెండోది మా డ్రమ్ము నీళ్ళతో. మిగతాదంతా ఒకేలా ఉండాలి. మీకు చెప్పదగ్గ సూత్రం ఇదొక్కటే ఉందేమో: ఒకసారి ఒక్కటే మార్చండి. రెండు మార్చి బాగుపడితే దేని వల్ల బాగుపడిందో తెలియదు, వచ్చే ఏడు మళ్ళీ మొదటికే వస్తారు.

వరప్రసాద్ గారు అప్పుడొక మాట అన్నారు. అందుకే ఆయన్ని ఇవాళ్టికీ గౌరవిస్తాను. "రెండు సగాలూ బాలమణే చెయ్యాలండీ. పసుపు పెట్టుకునే చెయ్యాలి. లేకపోతే రేపు నేనే మళ్ళీ అనుమానపడతాను."

బోనాల పసుపు అప్పటికి వెలిసిపోయింది. మా వంటింట్లోంచి పసుపు డబ్బా పట్టుకెళ్ళాను. బాలమణి వేలితో తీసి చూసి పకపకా నవ్వింది. "మేడమ్, గిది కూరల పసుపు. కాళ్ళకు నిలువది. మీకు గివన్ని ఎర్కుండవు గని, నేను దెచ్చుకుంట ఆగుండ్రి" అని మర్నాడు తన పసుపు తనే తెచ్చుకుని, మడమల దాకా రాసుకుని, బూట్లు తొడుక్కుని లోపలికి వెళ్ళింది. రోజంతా ఒక్క మాట మాట్లాడకుండా రెండు సగాలూ పూర్తి చేసింది.

సాయంత్రం తెల్ల దీపం కింద చూశాం. ప్లాంటు నీళ్ళ సగం మీద చుక్కలే చుక్కలు. డ్రమ్ము నీళ్ళ సగం అద్దంలా ఉంది. వరప్రసాద్ గారు ఒక్కో వేఫర్ తిప్పి తిప్పి చూసి, జేబులోంచి ఆర్డర్ కాగితం తీసి చించేశారు. ఆ వారంలోనే నీళ్ళ ప్లాంటుకి ముందు పటిక ట్యాంకు కట్టించారు, కడిగే చోట ఇంకా సన్నటి ఫిల్టర్ బిగించారు. ఆ లాటు చివరి పరీక్షకి వచ్చేసరికి మంచి సగం దిగుబడి వేసవిలో ఎంత ఉండేదో అంతే వచ్చింది.

పసుపు శుభ్రగదికి మంచిదని నేను అనడం లేదు. పసుపు, నూనె, పౌడర్, పొగ, చుండ్రు ఏదీ మంచిది కాదు. అందుకే ఆ తర్వాత ఒక నియమం పెట్టించాను: లోపలికి వచ్చే ప్రతి మనిషీ, బాస్ అయినా సరే, బూటు లోపల మోకాళ్ళ దాకా మేజోళ్ళు తొడుక్కోవాలి. నియమం అందరికీ ఒకటే అయితే ఎవరికీ కష్టం అనిపించదు. కొందరికే పెడితే అది నియమం కాదు, వేలెత్తి చూపడం.

అప్పటి నుంచీ మా లైన్లో ‘ఏ ఊకె?’ అన్నది వాడుక మాట అయిపోయింది. ఎవరైనా వచ్చి "మిషన్ ఊకె ఆగిపోతుంది" అంటే చాలు, నలుగురూ ఒకేసారి "ఏ ఊకె?" అనేవాళ్ళు. అందరికంటే గట్టిగా అనేది వరప్రసాద్ గారు, కోనసీమ యాసలో. ఇరవై పుస్తకాలు చదివి నేర్చుకునేదాని కన్నా మాకు ఆ ఒక్క ప్రశ్న ఎక్కువ పనికొచ్చింది. మీరూ వాడుకోండి. ‘ఉత్తినే’ ఆగే మిషన్‌ని నేను ఇంతవరకూ చూడలేదు.

మరుసటి ఆషాఢం

ఇక్కడితో ఆపితే నేను గెలిచిన కథ అవుతుంది. కానీ మరుసటి ఏడు జరిగింది కూడా చెప్పాలి.

వానలు వచ్చాయి, నల్లాలో టీ రంగు నీళ్ళు వచ్చాయి, పటిక ట్యాంకు తన పని తను చేసింది. దిగుబడి కదల్లేదు. చార్టు చూసి చూసి నాకు గర్వం నెత్తికెక్కింది. లష్కర్ బోనాలు అయ్యాయి. సోమవారం పొద్దున మళ్ళీ ఆ బెంచీ దగ్గరే ఉన్నాం వరప్రసాద్ గారూ, నేనూ. బాలమణి వచ్చి కూర్చుని చెప్పులు విడిచింది.

కాళ్ళకి పసుపు లేదు. లేకపోవడం కాదు, రాయితో తోమి తోమి తీసేసినట్టుంది. మడమలు ఎర్రగా కందిపోయి, ఒకచోట తోలు లేచి ఉంది. ఆమె వెనక వచ్చినవాళ్ళ కాళ్ళూ అలాగే ఉన్నాయి. ఎవరూ చెప్పలేదు. ఆర్డర్ చించేసి ఏడాది అయింది. అయినా రాత్రి ఇంటికెళ్ళి తోముకుని వచ్చారు.

నా గర్వం అక్కడికక్కడే దిగిపోయింది. నీళ్ళలో మట్టి తీశాను, ఆ మనిషి మనసులో పడిన మాట తీయలేదు. ఆ సంగతి ఏడాదిగా నాకు తట్టనే లేదు.

వరప్రసాద్ గారు కూడా చూశారు.

"బాలమణీ, పసుపు ఏదమ్మా?"

బాలమణి తల ఎత్తలేదు. మేజోడు పైకి లాక్కుంటూ, "ఊకెనే సార్. పెట్టుకోలే" అంది.

మామూలుగా అయితే ఊకె అన్న మాట వినగానే మేం అడిగే ప్రశ్నకి నలుగురూ నవ్వుతారు. ఈసారి వరప్రసాద్ గారు దాన్ని నవ్వులాటకి అడగలేదు. ఆమె ఎదురుగా బెంచీ మీద కూర్చుని, మెల్లగా అడిగారు.

"ఏ ఊకె, తల్లీ?"

బాలమణి చేతులు ఆగిపోయాయి. కళ్ళలోంచి నీళ్ళు టపటపా రాలి మేజోడు మీద పడ్డాయి. "మీరే అన్నరు గద సార్" అంది, అంతే.

"అన్నాను. తప్పన్నాను. గలీజు నీ కాళ్ళకి లేదమ్మా, నా చూపుకి ఉంది" అన్నారాయన. మేమంతా అక్కడే ఉన్నాం. అందరి ముందే అన్నారు. కోనసీమ కోపం ఎరుగుదును గానీ, ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

మర్నాడు బాలమణి పసుపు కాళ్ళతో వచ్చింది. ఒరిసిపోయిన మడమల మీద మంటగా ఉందేమో, ఆచితూచి నడుస్తోంది. బెంచీ మీద కూర్చుని, నా వైపు చూసి కాళ్ళు కొంచెం ముందుకి చాచింది. "మంచి పసుపు మేడమ్. మీ కూరలది గాదు" అంది. మేజోళ్ళు మోకాళ్ళ దాకా లాక్కుని, బూట్లు తొడుక్కుని, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ రోజు ఆమె చేసిన లాటుకి దిగుబడి ఎంత వచ్చిందో నాకు తెలియదు. నా ఉద్యోగం మొత్తంలో నేను అంకె చూడని లాటు అదొక్కటే.